తెప్ప మీద భీమిలి దాకా

నిన్న ఈ బండి మీద నేను భీమునిపట్నం వెళ్ళొచ్చాను. వెళ్ళేటప్పుడు మూడో గేరు వేశాను, వచ్చేటప్పుడు గేరే అక్కర్లేకపోయింది, సముద్రపు గాలే తోసుకొచ్చేసింది. దారిలో రెండు బస్సుల్ని, ఒక జీపుని, ఒక పెళ్ళి ఊరేగింపుని దాటేశాను. పెళ్ళికొడుకు కారు ఆపించి, దిగి, బాసికం పైకెత్తి మరీ చూశాడు. ఈ మాట మా వీధంతా నమ్మింది, మా మావయ్య నమ్మాడు, పోర్టులో ఆయనతో పనిచేసే వాళ్ళు నమ్మారు. నమ్మనిది ఈ బండొక్కటే. దాని తప్పు కాదు. అది ఈ షెడ్డులోంచి అంగుళం కూడా కదల్లేదు. కిక్కు కొడితే దగ్గనైనా దగ్గడం లేదు.

ఇంకొక కిక్కు. లేదు. ఒంటిగంట దాటింది, ఆదివారం, ఎండ రేకుల మీద పేలుతోంది. రెండింటికి పోర్టు హూటరు కూస్తుంది, పొద్దుటి షిఫ్టు దిగుతుంది, మా చలమయ్య మావయ్య క్రేను దిగి జ్ఞానాపురంలో ఈ ఇంటికి నడిచొచ్చి, స్నానం చేసి, చిలక్కొయ్యకి తగిలించిన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఈ బండెక్కి, పద్మనాభం వెళ్ళి, నెల కిందట అలిగి పుట్టింటికి పోయిన మా కాసులమ్మత్తని తీసుకురావాలి. అంటే హూటరు కూసేలోపల బండి పలకాలి. పలక్కపోతే ఆ చొక్కా వేసుకున్న మనిషి ముఖం నేను చూడాల్సి వస్తుంది, అదీ నా భయం. తన్నులకి నేను భయపడను, చిన్నప్పట్నించీ తిన్నవి వరసగా పేరిస్తే సింహాచలం మెట్లంత ఉంటాయి. ఇంకొక కిక్కు. పలుకు తల్లీ, పలుకు. నా గుండె మాత్రం రెండు సిలిండర్ల బండిలా కొట్టుకుంటోంది, ఆ చప్పుడు విని ఒకసారి బండే పలికిందనుకుని ఎగిరి గంతేశాను, నెత్తి రేకుకి తగిలింది.

బండి అన్నాను గాని జ్ఞానాపురంలో దీన్ని ఎవరూ బండి అనరు, తెప్ప అంటారు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన ఇంగ్లీషు మోటారుసైకిలు ఇది, చేతులు మారి మారి తుక్కుగా మావయ్య దగ్గరికొచ్చింది. ఆయన ఊరుకోలేదు. ఏదో ఓడ తన పగిలిపోయిన లైఫ్‌బోటుని పోర్టులో వదిలేసి పోతే దాని ముక్కు భాగం కోసి తెచ్చి, కింద ఒక చక్రం పెట్టి, బండి పక్కన బిగించాడు, మనిషి కూర్చోడానికి. ఓడకి వేసే బూడిద రంగు వేశాడు. పొగ గొట్టానికి ఓడ ఆవిరి గొట్టం, హారనుకి ఓడల్ని లాగే టగ్గు బోటు హారను. అది ఒకసారి మోగిస్తే కంచరపాలెంలో గేదెలు రెండు రోజులు పాలివ్వలేదని, మూడో రోజు తిన్నగా పెరుగే ఇచ్చాయని నేను అందరికీ చెబుతాను. పడవ పక్కన ఇంగ్లీషులో ఇంకా కనిపిస్తుంది, ఇందులో ఇరవై ఇద్దరు ఎక్కవచ్చు అని. పెళ్ళయ్యాక అత్తని పద్మనాభం నుంచి కాపురానికి తీసుకొచ్చింది ఈ పడవలోనే. పట్టుచీర, ఒళ్ళో సారె బుట్ట, చంకలో కోడిపెట్ట, కాళ్ళ దగ్గర అరటిగెల. దారి పొడవునా చేలల్లో జనం నాట్లు ఆపేసి నిలబడ్డారట, పడవ రోడ్డెక్కిందంటే వెనకాల సముద్రం వస్తుందేమోనని. ఇది నా కల్పన కాదు, అత్తే చెప్పింది, చెప్పిన ప్రతిసారీ బుగ్గ మీద చెయ్యి పెట్టుకునేది.

అలాంటి బండి ఏళ్ళ తరబడి ఈ షెడ్డులో గోనె పట్టాల కింద పడి ఉంది. భీమిలి నుంచి ఒంటరిగా వస్తూ మావయ్య ఇసకలో జారి పడ్డాడట, భుజం విరిగింది, కట్టు విప్పేదాకా క్రేను ఎక్కలేదు. బాగయ్యాక వచ్చి రెండు కిక్కులు కొట్టాడు, పలకలేదు, "సచ్చిపోయిందిరా" అని పట్టా కప్పేశాడు, అంతే. నేను ఐటీఐ కోసం ఈ ఇంటికి వచ్చేసరికి దీని మీద పేరుకున్న ఎర్ర దుమ్ము చూసి నోరెళ్ళబెట్టాను. పోర్టులో ఓడలకెత్తే ఇనప ఖనిజం దుమ్ము అది, ఇక్కడ తెల్ల బట్ట ఆరేస్తే కాషాయం అయిపోతుంది. అక్కడ కొత్తగా కడుతున్న స్టీల్ ప్లాంటు వాళ్ళకి కబురు పెడితే గని తవ్వుకునే ఖర్చు లేకుండా ఈ ఒక్క షెడ్డు ఊడ్చుకుని ఏడాది ఉక్కు తీసుకోవచ్చు. పడవలో ఒక కోడిపెట్ట లంగరేసి కూర్చుంది. దాన్ని ఖాళీ చేయించడానికి నేను పడ్డ పాట్లు కోర్టుకెక్కాల్సినవి.

ఇంకొక కిక్కు. కాలి మడమ కమిలిపోయింది. ప్లగ్గు విప్పి వంటింట్లో కిరసనాయిల్ పొయ్యి మీద వేడి చేసి మళ్ళీ పెట్టాను, చల్లని ప్లగ్గు అలిగిన మనిషి లాంటిది, కాస్త కాక తగిలితే పలుకుతుంది. స్పార్కు లేదు, తెలుసు నాకు, రోగం స్పార్కుదే. అందుకే మాగ్నెట్టుని, అంటే ఈ బండికి నిప్పు పుట్టించే డబ్బాని, విప్పి మూడు రోజులు డాబా మీద ఎండబెట్టాను, కాకులు ఎత్తుకుపోకుండా వడియాలకి కట్టినట్టు నల్ల గుడ్డ కట్టి మరీ. నేను ఫిట్టరు ట్రేడు పాసైనవాణ్ణి, రెండోసారికి పాసయ్యాననుకోండి, ఒకసారి పాసైనవాడి కంటే నాకు రెట్టింపు తెలుసు. మాగ్నెట్టు మూతి దగ్గర ఒక చిన్న గొట్టం, అందులో ఖాళీ రంధ్రం ఉంది. దేనికా అని చాలాసేపు ఆలోచించి కనిపెట్టాను: గాలికి. ఇంగ్లీషువాడు చలి దేశం నుంచి పంపించాడు, మన వేడికి డబ్బా ఊపిరాడక చస్తుందని ముందే కన్నం పెట్టాడు. ఆ తెలివికి మెచ్చుకుని చీపురుపుల్లతో రంధ్రం శుభ్రం చేశాను. అలాగే మొత్తం బిగించడం అయ్యాక కొన్ని బోల్టులు మిగిలిపోయాయి. అవి ఇంగ్లీషువాడు దారి ఖర్చులకి ఇచ్చినవని తేల్చాను, బండి తేలికవుతుంది, వేగం పెరుగుతుంది, జేబులో వేసుకున్నాను. ఇప్పుడు కిక్కు కొట్టినప్పుడల్లా బండి మాట్లాడదు గాని జేబు మాత్రం గలగలలాడుతోంది.

అసలు గొడవ ఎంత చిన్నది! నెల కిందట సినిమాకి తీసుకెళ్ళమంది అత్త, మావయ్య షిఫ్టు నుంచి వచ్చి గోడకి ఆనుకుని "కాళ్ళు నొప్పి, ఇంకోపాలి" అన్నాడు. ఆ ఇంకోపాలి ఏళ్ళుగా రావడం లేదు. అత్త చేతిలో గరిటె కింద పెట్టలేదు, విసర్లేదు, అదే నాకు భయమేసింది, నిమ్మళంగా అంది: "నన్ను మారాణీనాగ పడవలో తెచ్చేవు. ఇప్పుడు నన్ను ఈది సివరికి కూడా తీసుకెల్లవు. నాను మా అమ్మోలింటికి ఎల్తన్నాను. ఆ పడవేసుకొచ్చి పిలిత్తే వత్తాను. నేదంటే రాను." ఆయన "ఆ బండి సచ్చిపోయింది కదే" అన్నాడు. "తెలుసు" అంది అత్త. ఆ 'తెలుసు' అన్నప్పుడు ఆవిడ ముఖం వింతగా మారింది, నాకు ఇప్పుడు గుర్తొస్తోంది, తప్పు చేసినవాళ్ళ ముఖం, నాకు బాగా అలవాటైన ముఖం, అద్దంలో చూసుంటాను. సంచీ, దుప్పటి, కుంకం భరిణె తీసుకుని పద్మనాభం బస్సెక్కేసింది. ఆ రోజు నుంచి ఇంట్లో వంట మావయ్యది. ఆయన పెట్టే చారుతో ఓడ అడుగు తోమితే నాచు ఊడిపోతుంది. రాత్రిళ్ళు పళ్ళెం ముందు కూర్చుని తినకుండా గుమ్మం వైపు చూస్తాడు. బస్సులో వెళ్ళి పిలుచుకురావచ్చు కదా అంటే "పడవ మీద రమ్మంది, బస్సులో ఎలగెల్తానురా, ఏ మొకం పెట్టుకుని?" అంటాడు. ఆ మాట వినే నేను పట్టాలు తీసి పానా పట్టుకున్నాను. వారంలో నడిపిస్తానన్నాను. మూడు వారాలు దాటాయి.

నిన్న ఆయన వచ్చి ఎప్పటిలాగే అడిగాడు, "ఏరా, పలికిందా?" ఆ అడగడంలో ఆశ లేదు, దీపం పెట్టారా అని అడిగినట్టు అడిగాడు. లేదు మావా అందామనే నోరు తెరిచాను, నా నోటికి నా మీద ఏ మాత్రం గౌరవం లేదు, "పలకడమేటి మావా, భీమిలి ఎల్లొచ్చీసేను" అంది. చెప్పేశాక రుజువులు కావాలి కదా, ఆయన కాళ్ళు కడుక్కునే లోపల టైర్లకి ఇంత ఇసక పులిమాను, పూర్ణా మార్కెట్లో పొద్దున కొన్న ఎండు చేపల పొట్లం తెచ్చి చేతిలో పెట్టాను, భీమిలి చేపలు మావా అని. పెళ్ళి ఊరేగింపు అప్పుడే పుట్టింది. మావయ్య పొట్లం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత నవ్వాడు. నేను ఈ ఇంటికొచ్చాక ఆయన పళ్ళు చూడడం అదే, పన్నొకటి లేదని కూడా అప్పుడే తెలిసింది. పద్మనాభం నుంచి రోజూ పోర్టు పనికి వచ్చి పోయే పైడయ్య వీధిలో కనబడితే పరుగెత్తికెళ్ళి చెప్పాడు, "ఒరే పైడీ, మీ కాసులమ్మకి సెప్పు, రేపు తెప్పేసుకుని వత్తన్నానని. మావోడు భీమిలి ఎల్లొచ్చేడని సెప్పు." తర్వాత బొగ్గుల ఇస్త్రీపెట్టె తీశాడు. చొక్కా కాలరు ఒక్కటే ఎంతసేపు రుద్దాడో, ఆ కాలరుతో కూరగాయలు తరగొచ్చు. అప్పుడు చెప్పెయ్యాల్సింది. ఆ నవ్వు చూస్తూ చెప్పలేకపోయాను.

కిక్కు. కిక్కు. నూనె వాసన, పెట్రోలు వాసన, చెమట కళ్ళల్లో మండుతోంది, పెట్రోలు ఎక్కువ తాగించానా, తక్కువా, ఈసారి వస్తుంది, ఈసారి కచ్చితంగా, ఎక్కడో ఒక నిప్పురవ్వ నా కోసం బయల్దేరే ఉంటుంది, దారిలో ఉంది, రైలు గేటు పడి ఆగింది, ఇదిగో వచ్చేస్తోంది, కిక్కు, కిక్కు, గొలుసు చప్పుడు. గొలుసు బండిది కాదు. వెనక గేటుది.

తిరిగి చూస్తే కాసులమ్మత్త. సంచీ, దుప్పటి, బస్సు దుమ్ము, చెమటకి సగం చెరిగిన బొట్టు. లోపలికి వచ్చి షెడ్డు తలుపు జేరేసింది. నన్ను చూడలేదు, బండిని చూసింది, బండి చుట్టూ తిరిగింది, పడవ అంచు మీద చెయ్యి వేసింది. తర్వాత మాట్లాడింది, గుసగుసగా.

"భీమిలి ఎల్లొచ్చేవంట కదా."

"ఎల్లొచ్చేను అత్తా. ఇలగెల్లి అలగొచ్చీసేను."

"దీని మీదే?"

"మరి దేని మీద? ఇసక సూడు టైర్లకి."

అత్త సంచీలోంచి కుంకం భరిణె తీసింది. మూత తిప్పింది, చూపుడు వేలు కుంకంలోకి అడుగుదాకా దించి ఏదో పైకి తీసింది. చిటికెన గోరంత నల్ల బొగ్గు ముక్క, వెనక సన్నటి స్ప్రింగు, నిండా కుంకం. "మరి ఇది నేకండా ఎలగెల్లేవురా గుర్నాతం?"

ఆ ముక్కని చూశాను. మాగ్నెట్టు మూతి దగ్గర ఖాళీ రంధ్రాన్ని చూశాను. గాలికి పెట్టిన రంధ్రాన్ని. ఐటీఐ సర్టిఫికెట్టు ట్రంకు పెట్టెలో ఉంది, అక్కడే సిగ్గుతో నల్లబడి ఉంటుంది. అత్తే అందుకుంది. "ఈ బండి ఇప్పి బాగుసేసీప్పుడల్లా దీపం అట్టుకుని పక్కనుండేదాన్ని. ఒక్కో ముక్కా సూపించి సెప్పీవాడు. ఇదే కాసులూ దీని పేనం, స్పార్కు దీని మీంచే ఎల్తాది అన్నాడు. మీ మావ బుజం ఇరిగి మంచం మీద ఉన్నప్పుడు తీసీసేను. మల్లీ ఎక్కితే మల్లీ పడతాడు. పడితే నాకెవులున్నారు? రోజూ దేవుడికాడ ఎట్టి దండం ఎట్టుకుంతన్నాను. కోపంలో పడవేసుకు రమ్మన్నాను, రాలేడని తెలిసీ. పొద్దున్న పైడయ్య సెప్పీసరికి నాకు మతి పోయింది. ముక్క నా కాడుంటే బండెలగ నడిసిందిరా అని దొరికిన బస్సెక్కీసేను."

విశాఖపట్నం మొత్తంలో రోజూ పూజలందుకున్న స్పేరుపార్టు ఇదొక్కటే అయ్యుంటుంది. నేను చెయ్యి చాపాను. అత్త ముక్క నా చేతిలో పెట్టి పిడికిలి మూసింది. "నాను సెప్పను. నువ్వూ సెప్పకు."

"మరి మావ పడితే?"

"ఈపాలి పక్కన నానుంటాను కదా" అంది. ఆ మాటకే హూటరు కూసింది. నా చేతులు పనిలోకి దూకాయి, దసరాలో పులి వేషం డప్పు వినబడితే కాళ్ళు ఆగవే, అలాగ. ముక్క రంధ్రంలోకి వెళ్ళి కూర్చుంది, ఏళ్ళ తర్వాత ఇంటికొచ్చిన మనిషి తన పీట మీద కూర్చున్నట్టు. మూత బిగించాను. కుంకం నా వేళ్ళకంతా. ముందు గేటు చప్పుడు, మావయ్య అడుగులు, చారు గిన్నె మూత చప్పుడు, నీళ్ళ చప్పుడు, చొక్కా తొడుక్కుంటూ షెడ్డులోకి వచ్చాడు, అత్తని చూసి బొత్తాం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నానే కదా వత్తానన్నాను" అన్నాడు.

"నాకు తెలీక వచ్చీసేను" అంది అత్త. నేను కిక్కు మీద నిలబడి నా బరువంతా, మా తాతల బరువంతా వేసి ఒక్క తన్ను తన్నాను.

పలికింది! పలకడం కాదు, బొబ్బరించింది, ఓడ గొట్టంలోంచి ఏళ్ళ మసి, రెండు బొద్దింకలు, ఒక కోడి ఈక బయటికొచ్చాయి, రేకులు తాండవమాడాయి, చిలక్కొయ్యకున్న లాంతరు తనంతట తనే ఊగింది, కాసులమ్మత్త చెవులు మూసుకుని నవ్వుతోంది, మావయ్య పడవ అంచు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఎగురుతున్నాడు, నాకు ఏడుపొస్తోందో నవ్వొస్తోందో తెలీదు, ప్రపంచంలో ఇంతకంటే గొప్ప చప్పుడు ఏ ఓడా చెయ్యలేదు. మావయ్య నా చెవి దగ్గరికొచ్చి అరిచాడు, "భీమిలి కాడ ఎత్తు రోడ్డు మీద ఎలగ లాగిందిరా?" ఆ ముఖం చూసి నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పైగా ఈ చప్పుడులో ఏం చెప్పినా ఎవరికీ వినబడదు, చెప్పినట్టూ ఉంటుంది, వినబడనట్టూ ఉంటుంది, ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదు. "నాను భీమిలి ఎల్లలేదు మావా!" అని అరిచాను. "ఏటీ?" అన్నాడు. ఇంకా గట్టిగా, నరాలు తెగేలా, "భీమిలి ఎల్లలేదు! ఎండుసేపలు పూర్ణా మార్కెట్లో కొన్నాను!"

'భీమిలి' దగ్గర ఇంజను ఆగిపోయింది. మిగతాదంతా జ్ఞానాపురం విన్నది.

వీధిలో ఎవరో నవ్వారు. మావయ్య నన్ను కొట్టలేదు, వంగి మాగ్నెట్టుని చూశాడు. మూతి చుట్టూ కుంకం. నా వేళ్ళని చూశాడు.

"ఇదేటి?"

"బొట్టు మావా. బండికి పూజ సేసేను."

"ఇంట్లో కుంకమేదిరా? మీ అత్త బరిణె అట్టుకెల్లిపోయింది కదా."

నేను మళ్ళీ దొరికిపోయాను, ఒక్క నిమిషంలో రెండోసారి. మావయ్య మూత విప్పి, ఎర్రటి ముక్కని చూసి, మళ్ళీ జాగ్రత్తగా మూసేశాడు. అత్త నేల చూస్తోంది. ఆయన ఆవిడ వంక చూడకుండానే అన్నాడు, "ఇప్పి సూత్తే ఆ రోజే తెలిసిపోను. నానూ ఇప్పలేదు కాసులూ. బుజం ఇరిగిన కాడ్నించీ బయమేసింది. సచ్చిపోయిందంటే ఎవులూ ఎక్కమనరు కదా అని." అత్త తలెత్తింది. ఆయన పడవలో దుమ్ము తన ఇస్త్రీ చొక్కా చేతితోనే తుడిచాడు. "ఎక్కు."

"ఎక్కడికి? వచ్చీసేను కదా."

"పద్మనాభం. తెప్పేసుకొచ్చి తీసుకెల్తానని మాటిచ్చేను. ఎల్లి, మీ అమ్మోలింటి గుమ్మం కాడ దిగి, మల్లీ ఎక్కు. ఊరంతా సూడాల."

అత్త పడవెక్కి, సంచీ ఒళ్ళో పెట్టుకుని, బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. మావయ్య బండెక్కి ఒక్క కిక్కు కొట్టాడు, ఒకే ఒక్క కిక్కు, నా మూడు వారాల మడమ ముందు, పలికింది. గేరు మీద కాలు పెట్టి ఆగాడు. నా వైపు తిరిగాడు. "ఇంకేటైనా ఉందేటిరా సెప్పాల్సింది?"

లేదు మావా అనడానికి నోరు తెరుచుకుంటోంది. ఈసారి దాన్ని మూసేశాను. జేబులో చెయ్యి పెట్టి, ఉన్నవన్నీ తీసి, కుంకం అంటిన అరచేతిలో ఆ బోల్టులు ఆయన ముందు పట్టాను.

"ఇయ్యి ఎక్కడివో నాకు తెల్దు మావా."